పూజ అలమరలో ఎర్ర రాయి

ఆఫీసు టీములో నా పక్క సీటతన్ని ఆదివారం భోజనానికి పిలిచేశాక గుర్తొచ్చింది, ఇంగ్లండ్‌లో, స్విండన్‌లోని మా ఫ్లాట్‌లో పూజ అలమరలో ఆ రాయి ఉందని.

బొటనవేలంత ఎర్ర రాయి. ఆస్ట్రేలియా ఎడారి నడుమ ఉన్న పెద్ద ఎర్రకొండను చూడబోయి, దాని పాదం దగ్గర ఏరి జేబులో వేసుకున్నాను. ఏమీ తీసుకెళ్లవద్దని అక్కడ బోర్డుంది. పూర్తిగా చదివాను కూడా. తిరుపతి నుంచి మా దగ్గరికి వచ్చిన అమ్మ "ఎవురిచ్చినార్రా?" అంటే "అక్కడోళ్లే" అన్నాను. కొండ ప్రసాదం అనుకుని ఆమె దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, వేంకటేశ్వరుడి పటం పక్కన కూర్చోబెట్టింది.

రాబోయే అతిథి ఆస్ట్రేలియా ఆదివాసీ. అతనికేమో "ఫొటోలు తప్ప ఏమీ తీసుకోలేదు" అని చెప్పి ఉన్నాను.

మార్గాలు రాసుకున్నాను. ఒకటి, బియ్యం డబ్బాలో దాచడం: అమ్మ రోజూ తెరుస్తుంది. రెండు, అలమర తలుపు మూయడం: తలుపు లేదు. మూడు, ఇద్దరి మధ్యా దుబాసీని నేనే కనుక ఆ పదవిని వాడుకోవడం. మూడోదానికి టిక్కు పెట్టాను.

రసం దాకా బాగానే నడిచింది. అప్పుడు అమ్మ అలమర వైపు చేయి చూపింది.

"మీ కొండ సామి మా ఇంట్లోనే ఉండాడని చెప్పు నాయనా."

"ఇంకొంచెం రసం వేసుకోమంటోంది," అన్నాను ఇంగ్లీషులో.

"ఆ అలమరలోనా రసం?" అన్నాడతను.

అమ్మకు నా మీద అనుమానం వచ్చింది. తన ఇంగ్లీషంతా బయటికి తీసింది. "ఆస్ట్రేలియా. హిల్. మై సన్. పాకెట్."

అతను లేచి రాయిని చూశాడు. ముట్టుకోలేదు. "ఫొటోలే అన్నావు కదా."

"మీ కొండేగా, నువ్వే తీసుకెళ్లిపో," అన్నాను ఉదారంగా.

"మాది నది ఒడ్డు. ఆ కొండకి చాలా దూరం. దాని కథ చెప్పే హక్కు దాని మనుషులదే. మా నది వంపులు మా పూర్వీకులు నడిచిన దారి, అక్కడి గులకరాయిని నేనైనా కదపను. ఇందులో నాకు సంబంధించింది నువ్వు చెప్పిన అబద్ధం ఒక్కటే."

"ఏమంటాండాడు?" అంది అమ్మ. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎవురూ ఇయ్యలేదా? పూలన్నీ సామివేనని, మన తిరుపతి కొండెక్కేముందు తల్లో పూలు గూడా తీసేసి పోతా నేను. నువ్వు కొండనే జేబులో యేసుకొస్తివా?"

ఇదీ అనువదించాను. అతను నన్ను వదిలేసి పూల సంగతి అడిగాడు. అమ్మ చెప్పింది, అతను తన నది సంగతి చెప్పాడు. నేను రెండు వైపులా మోస్తూ కూర్చున్నాను. నా రసం చల్లారిపోయింది.

వెళ్లేముందు అతను, ఇలాంటి రాళ్లను ఉత్తరం జతచేసి పోస్టులో తిప్పి పంపేవాళ్లు చాలామందే ఉన్నారన్నాడు. "నువ్వూ ఒక ఉత్తరం రాయి. సోమవారం చూపించు."

వెంటనే కూర్చుని రాశాను. ఒకటి, రాయి బరువు. రెండు, ఫొటోలో నమోదైన అక్షాంశ రేఖాంశాలు, సరిగ్గా అక్కడే పెట్టేందుకు వీలుగా. మూడు, పసుపు కుంకుమలు ఎందుకున్నాయో వివరణ. అమ్మకు తెలుగులో చదివి వినిపించాను.

మొత్తం విని, "తప్పయిందని యాడ రాసినావు?" అంది.

అంకెలన్నీ ఒక్కొక్కటి కిందికి జరిపి, దానికోసం ఒకటో నంబరు ఖాళీ చేశాను.