సగం విప్పిన పటం

పోయిన నెల ఒక పొద్దున మా మేడం పోయారని ఫోన్ వచ్చింది. చేసింది పంజాగుట్టలో ఆమె ఎదురింటి పెద్దావిడ, మేం ఖాలా (పిన్ని) అని పిలిచేది. ఏడుస్తూనే అడిగింది: "పటం సగంల ఆగింది బేటా. ఏం చెయ్యాలె?"

"చుట్టొద్దు ఖాలా!" అని అరిచాను. చావు కబురు విని నేనన్న మొదటి మాట అది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ ఏడుపు కంటే ముందు భయమే వచ్చింది.

దేవుళ్ల బొమ్మలు, వాటి ముందు ఆడే ఆటలు, పాడే కథలు. మేడం ఉద్యోగమంతా వాటిని చదవడం, యూనివర్సిటీలో పాఠం చెప్పడం. అన్నింట్లో పటం కథంటే ప్రాణం. మూరలకొద్దీ గుడ్డ మీద వరసగా బొమ్మలుంటాయి. ఒక్కొక్కటీ చూపిస్తూ కథకుడు కులపురాణం పాడతాడు. ఒక ముసలి కథకుడు తన పటాన్ని ఆమెకిస్తూ ఒకే షరతు పెట్టాడట: విప్పితే కథ చివరిదాకా చెప్పాలి, సగంలో చుట్టకూడదు. "గోడకు కొట్టి చూసేది కాదిది, ముందట కూసోని వినాలె" అనేవారు మేడం.

నేను ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ ఆమె దగ్గర పరిశోధన చేసేదాన్ని. ఒకరోజు ఫొటోల కోసం పటం సగం విప్పి, హాస్టల్లో భోజనం అయిపోతుందని గబగబా చుట్టేశాను. మేడం తిట్టలేదు. మళ్లీ విప్పి, తన కళ్లద్దాలు తీసి నేను ఆపిన బొమ్మ మీద పెట్టారు.

"ఈడిదాక అయింది. ఇగ చెప్పు."

నలుగురిలో నోరు విప్పాలంటే భయపడే రకం నేను. నోట్సు తిరగేస్తూ కూర్చున్నాను. చివరికి ఆమే చెప్పారు, నేనూ, ఎదురింటి నుంచి వచ్చిన ఖాలా ఊఁ కొట్టాం. అయ్యాక అన్నం పెడుతూ అన్నారు: "భయం పోయినంక చెప్తనంటే ఎన్నడు చెప్పవు బిడ్డా. భయపడుకుంటనే చెప్పాలె."

ఫోన్ వచ్చిన రోజే దహనమై ఆ ఇంటికి తిరిగొచ్చాక, మేడం తమ్ముడు పటం పరిచి ఉన్న టేబుల్ వైపు చూశారు. "రేపు పొద్దుగాల ఇల్లు ఖాళీ చేస్తం. గా గుడ్డ సుత చుట్టి పెట్టున్రి" అని వెళ్లిపోయారు.

పటం మీద, సరిగ్గా నడిమి బొమ్మ దగ్గర, ఆమె కళ్లద్దాలున్నాయి. మిగతా ఎనిమిది బొమ్మలూ ఇంకా చుట్టలోనే ఉన్నాయి. వాటి గురించి బోలెడు పేజీలు రాశాను గానీ, ఒక్కసారీ నోటితో చెప్పలేదు. తప్పు చెబితే? సగంలో గొంతు ఆగిపోతే? అలాగే వదిలి వెళ్లి మెట్రో ఎక్కేద్దామా అనిపించింది. నిజంగానే చెప్పులేసుకున్నాను.

"పొద్దుగాల మేడం కథ చెప్తుంటె నేనే ఊఁ కొట్టుకుంట కూసున్న" అంది ఖాలా వెనక నుంచి. "జర ఆగున్రి, చాయ్ తెస్త అని పోయిన. కప్పు తీస్కొని వచ్చేసరికి..." కొంగుతో ముఖం తుడుచుకుని కుర్చీ లాక్కుంది. "తర్వాత ఏమైంది బేటా?"

చెప్పులు విడిచాను. ఖాలా పటం మీది కళ్లద్దాలు తీసి చేతిలో పెట్టుకుంది. తర్వాతి బొమ్మ విప్పాను. భయపడుతూనే మొదలుపెట్టాను. రెండుచోట్ల వరస తప్పి, వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాను. ఆగిన ప్రతిసారీ ఖాలా "ఊఁ" అంది. చివరి బొమ్మ అయ్యేసరికి వీధి దీపాలు వెలిగాయి.

పటం చుట్టి తాడు కట్టాను. ఖాలా మేడం కళ్లద్దాలు పట్టుకుని అలాగే కూర్చుంది. వాటిని ఎక్కడ పెట్టాలో మా ఇద్దరికీ తోచలేదు.