ఇరవై కిలోలు

నిన్న తేంగాయితిట్టు చేపల రేవులో ఎవరో చేపల వ్యాను తాళం తిప్పితే టక్కుమంది, అంతే. ఆ చప్పుడుకు నా ఏడో ఏడు గుర్తొచ్చింది. ఊరికి దూరంగా, చెరువు గట్టు మీద మా వ్యాను బ్యాటరీ చచ్చిపోయింది. తొయ్యడానికి ఎవరూ లేరు. ఉన్న ఒక్క వాలూ నీళ్ళలోకే పోతుంది.

"దిగు పాపా, బరువెక్కువైంది," అన్నాడు నైన.

"నేను ఇరవై కిలోలే గదా, నైనా!"

"ఆ ఇరవయ్యే ఎక్కువ. దిగు."

అలిగి గట్టు మీద నిలబడ్డాను. వ్యాను చప్పుడు లేకుండా నీళ్ళవైపు దొర్లింది. నైన రెండో గేరులో క్లచ్ వదిలాడు. నీళ్ళు మూడడుగుల దూరంలో ఉన్నాయనగా ఇంజను అందుకుంది, స్టీరింగు గట్టిగా తిప్పేశాడు.

నిన్న ఇంటికొచ్చి ఇదంతా చెబితే అమ్మ తేలిగ్గా అంది: "అప్పుడా వ్యానుకు బ్రేకు యాడ పడేదే?"

ఇన్నేళ్ళూ ఆ ఇరవై కిలోలను బరువు లెక్కలోనే వేసుకున్నాను.