ముక్కు వైపు నిలబడిన ఉదయం

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఆడి (ఆషాఢ) నెల గాలులు తగ్గాక వచ్చిన మొదటి ఆదివారం, తమిళనాడులో రాజపాళయం పక్కన చోళపురం బీడుకు వెళ్లి రిమోటు విమానాల మీద అర పేజీ రాయమని మా పత్రిక నన్ను పంపింది. నేను అప్పుడు ఆ వైపు తాలూకాలకు విలేకరిని. మా ఉద్యోగంలో కింది మెట్టు పార్ట్ టైమర్, పైన స్టాఫ్ రిపోర్టర్. నేను ఆ పై మెట్టు ఎక్కి పదేళ్లయింది. నాతో ఫొటోగ్రాఫర్ డేవిడ్ వచ్చాడు. ఆదివారం అనుబంధానికి ఫొటో బాగుంటే వార్త పెద్దదవుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆ బీడులో విమానాలు ఎగరేసేవాళ్లు ఇద్దరే. రంగస్వామి నూలు మిల్లులో ఫిట్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగినవాడు. ఆయన బావమరిది శీనివాసన్ సేత్తూరు రూటులో టౌను బస్సు డ్రైవరు. విమానం కట్టడం, బాగు చేయడం రంగస్వామి పని. ఎగరేయడం శీనివాసన్ పని. ఈ హద్దు వాళ్లు ఎప్పుడూ దాటరు. దాని గురించి అడిగితే శీనివాసన్ నవ్వాడు.

"బావ చేతికి బండి ఇస్తే గేటు కూడా దాటదు సారూ. నట్టు నట్టుగా తడుముతా అక్కడే కూర్చుంటాడు."

"నీ బస్సుకు బ్రేకు ఉందిరా శీనీ. దీనికి లేదు," అన్నాడు రంగస్వామి తల ఎత్తకుండానే.

విమానం రెక్కల పొడవు మనిషి చేతులు బారచాపినంత. బాల్సా అనే తేలిక చెక్కతో ఎముకల గూడు కట్టి, దాని మీద పలుచని ప్లాస్టిక్ పొరను ఇస్త్రీ పెట్టెతో కాల్చి అతికించాడు. రెక్కల వెనక అంచున చిన్న తలుపుల్లాంటి పలకలు ఉంటాయి. వాటిని ఐలరాన్లు అంటారు. ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది. విమానం ఒక పక్కకు ఒరిగేది వాటివల్లే. వాటిని తిప్పే అగ్గిపెట్టెంత మోటారు పేరు సర్వో. ఆ వారమే పాత సర్వో పళ్లు అరిగిపోతే రంగస్వామి కొత్తది బిగించాడు.

ఆయన పని చూడటానికే ఆ ప్రయాణం చేయవచ్చు. ప్రతి కీలునూ రెండు వేళ్లతో పట్టి లాగి చూశాడు. మోటారు తిప్పించి, స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. మిల్లులో బేరింగు చెడక ముందే పట్టుకోవడానికి నేర్చుకున్న విద్య అది. శీనివాసన్ రిమోటుతో దూరంగా నడుస్తుంటే, సిగ్నల్ ఎక్కడి దాకా అందుతుందో చూశారు. ప్రతి పరీక్షా ఒక నల్ల అట్ట రిజిస్టరులోకి ఎక్కింది.

చివరిది వాళ్లు 'పిలుపు' అనే పరీక్ష. విమానాన్ని గాలికి ఎదురుగా పెట్టి, ఇద్దరూ తోక వెనక నిలబడతారు. ఎగరేసేవాడు రిమోటు మీది పుల్ల కుడికి నెడతాడు. బాగు చేసినవాడు కళ్లతో చూసి "కుడి లేచింది" అని గట్టిగా పిలుస్తాడు. పుల్ల ఎటు పోతే ఆ వైపు పలక లేవాలి. మా ఆఫీసులో ప్రూఫులు దిద్దేటప్పుడు ఒకరు చదివితే ఒకరు చూసినట్టే. కొత్త సర్వో వేసినప్పుడు ఈ పరీక్ష మరీ అవసరం. కొన్ని సర్వోలు పాతదానికి ఎదురు దిక్కులో తిరుగుతాయి. అప్పుడు రిమోటులో ఒక మీట మార్చుకోవాలి.

సరిగ్గా అక్కడే డేవిడ్ అడ్డుపడ్డాడు. గాలి పడమటి కొండల మీదినుంచి వస్తోంది కాబట్టి విమానం ముక్కు కొండల వైపు ఉంది. తోక వెనక నిలబడితే వాళ్ల వీపుల మీద ఎండ, ముఖాల మీద నీడ.

"అన్నా, ఇద్దరూ కొంచెం అటు పోయి ముక్కు ముందు నిలబడండి. వెనకాల ఆ పడమటి మల వస్తుంది, ముఖం మీద ఎండ పడుతుంది. పిలుపు అక్కడినించే దాన్ చేయండి, పరవాలేదు."

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నేను, "ఒక్క నిమిషం, అంతే" అన్నాను. పత్రిక మనిషి మాట కాదనలేక జరిగారు. శీనివాసన్ పుల్ల కుడికి నెట్టాడు. కుడి చేతి వైపు పలక లేచింది. "కుడి లేచింది," అన్నాడు రంగస్వామి. కెమెరా చప్పుడు చేసింది. రంగస్వామి రిజిస్టరులో టిక్కు పెట్టాడు.

ఎదురుగా నిలబడినవాడికి కుడి అంటే విమానానికి ఎడమ. ఆ మాట మా నలుగురిలో ఎవరికీ తట్టలేదు.

ఆ బీడు కృష్ణమ్మ అనే రైతుది. కరెంటు తీగలు లేని, మోపెడ్ మీద విమానం కట్టుకుని రాగలిగిన నేల ఆ చుట్టుపక్కల వాళ్లకు అదొక్కటే. ఆమె ఉచితంగా ఇచ్చింది. ఒకటే షరతు: పడమటి వైపున్న కొబ్బరి తోపులో విమానం పడకూడదు. అక్కడ కూలి మనుషులు ఉంటారు. పడిన రోజు ఆట ఆఖరు. ఈ సంగతి నేను రాసుకోవడానికి కాయితం తెరవక ముందే రంగస్వామి నాకు చెప్పాడు.

విమానం బాగానే లేచింది. మనిషికి రెండింతల ఎత్తులో గాలి తగిలి కాస్త ఎడమకు ఒరిగింది. శీనివాసన్ కుడికి దిద్దాడు. ఇంకా ఎడమకు ఒరిగింది. ఇంకా దిద్దాడు. చేయి ఎంత నేర్చినదైతే అంత త్వరగా తప్పు పెద్దదయింది. రెక్క నిలువుగా తిరిగి, విమానం వెల్లకిలా తోపులోకి పోయింది. మట్టలు విరిగిన చప్పుడు, ఆ వెంటనే ఒక ఆడమనిషి కేక వినిపించాయి.

రంగస్వామి అరవై దాటినవాడు. మా అందరికన్నా ముందు చేరాడు. విమానం వైపు చూడలేదు. మట్టలు ఏరుతున్న కూలిమనిషి దగ్గరికి పోయి, "తగిలిందా తల్లీ? చూపించు," అన్నాడు. తగల్లేదు. పది అడుగుల దూరంలో పడింది. అప్పుడు బ్యాటరీ తీగ పీకి, ముక్కలు ఏరి, బీడులోకి మోసుకొచ్చాడు. బ్యాటరీ మళ్లీ తగిలించి తోక వెనక నిలబడి, "కుడికి నెట్టురా," అన్నాడు. విరిగిన రెక్కకు వేలాడుతున్న ఎడమ పలక లేచింది.

శీనివాసన్ తల మీద చేయి పెట్టుకున్నాడు. డేవిడ్ కెమెరా కిందికి దించాడు. "నేనే దాన్ జరగమన్నాను అన్నా," అన్నాడు.

"నువ్వు జరగమన్నావు. జరిగినవి నా కాళ్లు," అన్నాడు రంగస్వామి.

అంతలో కృష్ణమ్మ వచ్చింది.

"ఏమి రంగసామన్నా, నేనేమి చెప్పినాను?"

"తోపులో పడకూడదని చెప్పినావు."

"పడినదా, లేదా?"

"పడినది."

"సరి. పెట్టె కట్టుకొని పోండి."

ఆయన ముక్కలు పెట్టెలో సర్దుకున్నాడు. జరగమన్నది మేమని నేను ఆమెకు చెప్పలేదు. నాకు అది ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. రంగస్వామి వరండాలో రెక్క ఎముకలకు కొత్త చెక్క కోస్తున్నాడు. ఎగరడానికి చోటు లేని విమానాన్ని ఎందుకు బాగు చేస్తున్నారని అడిగితే, చెడిన దాన్ని చెడినట్టే పెట్టే అలవాటు లేదన్నాడు. రిజిస్టరు చూపమన్నాను. ఆ రోజు పేజీలో టిక్కు కొట్టేసి, కింద రాశాడు: 'తప్పు: ముక్కు వైపు నిలబడి చూసినాను. చూసినది రంగసామి.' ఫొటో ఊసు, పత్రిక ఊసు లేవు.

"మేం జరిపిన సంగతి రాయలేదేం?"

"సారూ, నా తప్పు రాసుకుంటే రిపేరు చేసుకుంటాను. మీ తప్పు రాసి నేనేం రిపేరు చేసేది?"

శీనివాసన్ లోపలినుంచి, "బావకు బోనస్ మాదిరి, తప్పంతా ఆయనకే కావాల," అన్నాడు.

మంగళవారం నేను బస్సులో ఒక్కడినే చోళపురం వెళ్లాను. వార్త ఇంకా రాయలేదు. కృష్ణమ్మ కళ్లంలో మొక్కజొన్న జల్లెడ పడుతోంది. జరిగింది మొదటినుంచి చెప్పాను. కుడి ఎడమ ఎలా తారుమారైందో చూపించడానికి, నాకు ఎదురుగా నిలబడి కుడి చేయి ఎత్తమన్నాను. ఎత్తింది. అది నా ఎడమ వైపు లేచింది.

"దీనికి బస్సెక్కి రావల్నా? బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి జడ వేసే ఏ ఆడదాన్ని అడిగినా చెప్పును," అంది. "ఆయన ఈ మాట ఎందుకు చెప్పలే?"

"చెప్పడమ్మా. రిజిస్టరులో కూడా రాయలేదు."

"అయితే తప్పు మీది."

"ఆమా. మాదే."

ఆమె జల్లెడ పక్కన పెట్టింది. "సరి. విమానం రావచ్చు, తోపు పక్కకి కాదు, తూర్పుకి తిప్పుకోని ఆడమను. తోపులో మనిషి ఉంటే ఎత్తకూడదు." నేను దండం పెట్టబోయాను. "ఉండు, ఇంకా ఉంది. విమానం రావచ్చు. నా బీడులోకి పేపరు రాకూడదు."

ఆ మాట నేను తప్పలేదు. రెక్క అతికించి, పొర కాల్చి, మీట మార్చి, మళ్లీ ఎగరేసిన ఉదయం నేనూ డేవిడూ గట్టు బయట రోడ్డు పక్కన నిలబడ్డాం. లోపల ఇద్దరూ తోక వెనక, కొండల వైపు తిరిగి నిలబడ్డారు. "కుడి లేచింది," అన్న పిలుపు మా దాకా వినిపించింది. డేవిడ్ పొడుగు లెన్స్ పెట్టి తీశాడు. రెండు వీపులు, వాటి ముందు విమానం, దాని ముందు కొండలు. విమానం లేచి, తోపుకు చాలా ముందే తూర్పుకు తిరిగింది.

డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. డెస్కు అంటే మా రాతలను కత్తిరించి పేజీలో పెట్టేవాళ్లు. "ఫొటోలో ముఖాలేవి?" అని అడిగారు. ఆ పని వెనకనుంచే చేస్తారని చెప్పాను. అర పేజీ పావు పేజీ అయింది. వార్తలో మొదటిసారి విమానం ఎందుకు పడిందో, ఎవరు జరగమన్నారో కూడా రాశాను. ఆ వాక్యాన్ని డెస్కు కొట్టేయలేదు.

పని చేసేవాళ్లు నిలబడే చోటుకు ఒక కారణం ఉంటుంది. అది బయటివాడికి కనిపించకపోవచ్చు. ఆ తర్వాత మిగిలిన రెండేళ్లలో ఎవరినీ ఫొటో కోసం జరగమనలేదు. వెలుతురు చాలకపోతే మేమే జరిగాం.