కలాయి కింద ఎరుపు

ఖయ్యూం కలాయి పెట్టిన గిన్నెలో చూసుకుని తల దువ్వుకోవచ్చని బూర్గంపాడులో అనేవాళ్లు. రాగి గిన్నెను కొలిమి మీద కాల్చి, నవసాగరం చల్లి, తగరం రుద్ది, పాతగుడ్డతో గిర్రున తుడిచేవాడు. లోపలంతా వెండిలా మెరిసేది. ఈమధ్య ఆయన గిన్నెను ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటున్నాడు. అది కూతురు సఫూరా ఒక్కతే గమనించింది. గమనించి ఊరుకుంది. నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు.

ఊళ్లో అజారుద్దీన్ కొడుకు పెళ్లయ్యాక పెట్టే వలీమా విందుకు సఫూరా పొద్దున్నే వెల్లుల్లి ఒలవడానికి వెళ్లింది. వంటమనిషి ఫరహా ముందురోజు సాయంత్రమే పెద్ద రాగి గుండిగలో ఉల్లిగడ్డలు సిర్కాలో, అంటే వెనిగర్‌లో, నానేసింది. మొన్ననే ఖయ్యూం కలాయి పెట్టిన గుండిగ. సిర్కా అంచు తగిలినచోట సన్నటి ఆకుపచ్చ గీత కనిపించింది సఫూరాకు. చున్నీ కొసతో తుడిస్తే ఆ రంగు గుడ్డకు అంటింది.

సఫూరా తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు టీచరమ్మ సిర్కాలో మెగ్నీషియం తీగ వేసింది. బుసబుసా నురగొచ్చింది. ఆరబెడితే తెల్లటి ఉప్పు మిగిలింది. మెగ్నీషియం ఎసిటేట్ అంది. వానాకాలం కదా, ఆ ఉప్పు గాలిలోని తేమ తాగి తెల్లారేసరికి మళ్లీ నీళ్లయింది. పిల్లలు పడిపడి నవ్వారు.

"సిర్కాలోని పులుపు ఏ లోహాన్ని తింటే ఆ లోహం ఉప్పు పుడుతుంది," అంది టీచరమ్మ. "మెగ్నీషియం గోలగోల చేస్తుంది. రాగి చప్పుడు చెయ్యదు. గాలి తోడుంటే మెల్లగా కరిగి ఆకుపచ్చగా తేలుతుంది. అది కడుపులోకి పోతే విషం."

మరుసటేడు అమ్మ పోయింది. సఫూరా బడి అక్కడికే ఆగింది.

పందిట్లో అబ్బా ఖయ్యూం చాయ్ తాగుతున్నాడు. చెబితే ఆయన పేరు పోతుంది. ఫరహా అప్పటికే గరిటె ముంచింది. సఫూరా వెళ్లి ఆ గరిటె పట్టుకుంది.

"ఏందే, మూగదానివి, ఇయాల గరిటె గుంజుతున్నవ్?"

"ఎవ్వరికీ పెట్టకు ఖాలా. కలాయి పోయింది. సిర్కాలోకి రాగి దిగింది."

అజారుద్దీన్ విన్నాడు. "ఎవరి పనిని అంటున్నవో తెలుసా బేటీ?"

"అవ్ చాచా. తెలుసు."

ఖయ్యూం లేచి వచ్చాడు. గుండిగ లోపల వేలితో తడిమాడు. తగరం నునుపు అంచు కిందికొచ్చేసరికి తెగిపోయింది. వేలు అక్కడే ఆగింది.

"నా కండ్లకు ఆనలేదు భాయ్," అన్నాడు. "పారబొయ్యి."

"సిర్కా ఉల్లిగడ్డ లేకుంటే బిర్యానీ గొంతు దిగదా ఏంది," అని ఫరహా నిమ్మకాయలు ముందేసుకుంది. విందు సాగింది. అజారుద్దీన్ మాత్రం ఆ పూట ఖయ్యూంతో మళ్లీ మాట కలపలేదు.

ఆ తర్వాత కొందరు తమ గిన్నెలు పక్కూరు సారపాకలో ఇంకొకరికి ఇచ్చుకున్నారు. అజారుద్దీన్ గుండిగ మాత్రం తిరిగి ఖయ్యూం దగ్గరికే వచ్చింది, ఒక మాటతో: "నీ బిడ్డ చూసినంకనే పంపు."

ఖయ్యూం కొలిమి రాజేశాడు, తగరం రుద్దాడు, తుడిచాడు. తర్వాత పట్టకారుతో గుండిగను కూతురి వైపు వంచి పట్టుకున్నాడు.

"చూడు బేటా, తగరం అంటక ఎక్కడన్న ఎర్రగుందా?"

"అంచు కింద ఉంది అబ్బా. వేలెడంత."

"ఈడనా?"

"కాదు. ఇంకొంచెం ఎడమకు."

ఆయన తగరం కడ్డీని ఎడమకు జరిపాడు.