టీచరమ్మ అడిగిన మాట

మిషన్ల బాబాయ్ చెయ్యి పడితే మొండికేసిన కుట్టుమిషనైనా దారికి రావాల్సిందే. ఆయన భార్య టీచరమ్మ ముప్పై ఏళ్ళు బళ్ళో ఫ్రెంచి చెప్పింది. "ఒక్క ముక్క నేర్చుకోండీ, ఇంట్లో సరదాగా మాట్లాడుకుందాం" అని ఆమె అడిగినప్పుడల్లా, "ఉన్న భాషలోనే నీతో వేగలేకపోతున్నా, ఇంకోటి కూడానా?" అని స్క్రూడ్రైవరు అందుకునేవాడు. ఆమె నవ్వేసేది. ఆ నవ్వులో కాస్త చిన్నబోవడం కూడా ఉండేదని ఆయనకు తట్టనే లేదు. మగమహారాజులకు అలాంటివి ఆలస్యంగానే తడతాయి.

పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, దాంతోపాటే తెలుగూ పోయింది. నోటికొచ్చే నాలుగు మాటలూ ఫ్రెంచివే. తెలుగులో పలకరిస్తే పరాయివాళ్ళని చూసినట్టు చూస్తుంది. కళ్ళెదుట మనిషిని పెట్టుకుని ఆమె మాటకోసం మొహం వాచిపోవడమంటే ఏమిటో బాబాయ్‌కి అప్పుడు తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆమె పాత శిష్యురాలిని పిలిపించాడు. ఆ అమ్మాయి ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది.

"ఒక్క క్రియ చాలు బాబాయ్ గారూ. 'తూ వో?' అంటే 'నీకు కావాలా?' అని. వెనకాల ఏది తగిలిస్తే అది."

మిషన్లకు నూనె వేస్తూ అదే వల్లించాడు. ఒకరోజు పరధ్యానంలో గిరాకీతో, "దారం తూ వో?" అనేశాడు.

"ఏంటి బాబాయ్, పొద్దున్నే తిడుతున్నారా?" అందావిడ.

తిట్టయినా సరే, ఇంట్లో పనికొచ్చింది. నీళ్ళు, దిండు, దీపం, కిటికీ, వీటి ఫ్రెంచి పేర్లు ఒక్కొక్కటే తగిలించి అడిగేవాడు. ఆమె "వీ" అంటే అవును, "నో" అంటే వద్దు. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. ఆయనకు మాత్రం కడుపు నిండలేదు. తను అడగడం, ఆమె తలాడించడం, అంతేనా కాపురమంటే? మునుపటిలా ఆమే ఏదో ఒకటి అడగాలి, సాధించాలి, విసుక్కోవాలి.

ఒక మధ్యాహ్నం ఆమెకు తల దువ్వుతూ రిబ్బను చూపించి, "తూ వో?" అన్నాడు. ఆమె వద్దంది. ఎడంచేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏ త్వా? తూ వో క్వా?"

'త్వా' అంటే 'నువ్వు'. మరి నువ్వో? నీకేం కావాలి?

బాబాయ్ రిబ్బను పక్కన పెట్టాడు. ఇన్ని నెలలూ అడగడమే నేర్చుకున్నాడు. తననెవరు అడుగుతారని జవాబు నేర్చుకోవడం?

"నువ్వే కావాలి టీచరమ్మా" అన్నాడు.

ఆ తెలుగు ఆమెకు అందలేదు. కళ్ళు చికిలించి చూసింది. తర్వాత ఎడంచేతి వేళ్ళతో మంచం పట్టెమీద రెండుసార్లు కొట్టింది. జవాబు రాని పిల్లల ముందు బల్లమీద అలాగే కొట్టేది.

"జ వో..." అంది, నోరు తెరిచి చూపిస్తూ. నాకు కావాలి.

"జ వో" అన్నాడు.

మళ్ళీ కొట్టింది. పలికింది సరిగా లేదన్నమాట.

"జ వో" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. ఆపై మాట ఆయనకు రాదు. దువ్వెన పట్టుకున్న చేత్తోనే ఆమెను చూపించాడు.

టీచరమ్మ కాసేపు ఆ చేతివంకే చూసింది.

"త్వా" అని అందించింది.