ఒక్క పేరున్న హాజరుపట్టీ

మూడేళ్ల కిందటి మాట. మా హైస్కూల్లో తెలుగు మీడియం పదో తరగతికి అదే ఆఖరి సంవత్సరం. బోధన్ దగ్గర చెరుకు తోటల నడుమ ఉన్న బడి అది. పిల్లలంతా ఇంగ్లిష్ మీడియానికి మారిపోగా తెలుగులో ఒక్క శిరీష మిగిలింది.

నేను సోషల్ చెబుతాను. ఉద్యోగం రాకముందు ఆరేళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిని. శిరీష తరగతి హాజరుపట్టీ నా దగ్గరే ఉండేది. మిగతా పీరియడ్లలో ఆ పిల్లను ఇంగ్లిష్ సెక్షన్‌తో కలిపి కూర్చోబెట్టేవారు. మొదటి పీరియడ్‌లో సోషల్ మాత్రం తెలుగులో విడిగా చెప్పాలి. వరండా చివరి గదిలో నేను, ఎదురుగా ఒక్క బెంచీ మీద ఆమె.

మా బడిలో మొదటి పీరియడ్‌లో వేసిన హాజరే రోజంతటికీ లెక్క. బెల్లు తర్వాత వస్తే ఆబ్సెంట్. ఈ నియమాన్ని గోడ మీద రాయించింది నేనే.

మొదట్లో పేరు పిలిచేవాణ్ని. "ప్రెజెంట్ సార్" అనేది. ఉన్నదే ఒక్క మనిషి, కళ్లముందే కూర్చుంది, ఇంకా పిలవడమేమిటనిపించి మానేశాను. తలెత్తి చూసి టిక్కు పెట్టేవాణ్ని.

దసరా సెలవుల తర్వాత గది ఖాళీగా ఉండసాగింది. కాసేపు గుమ్మం వైపు చూసి, ఎర్ర పెన్నుతో ఆబ్సెంట్ వేసి, పేపరు తెరిచేవాణ్ని. ఆ ఖాళీ పీరియడ్ నాకు చేదుగా ఏమీ లేదు.

ఒకరోజు మధ్యాహ్న భోజనం లైనులో శిరీష కనిపించింది.

"ఏం శిరీషా, బువ్వకైతే టైముకొస్తవు, పాఠానికి రావా? లేటొస్తే ఆబ్సెంటే, యాదుంచుకో" అన్నాను.

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. శిరీష ఖాళీ పళ్లెం పట్టుకుని లైనులోంచి పక్కకు వెళ్లిపోయింది.

జనవరిలో హాజరు తక్కువైన పిల్లల పేర్లు తీశాం. శిరీషకు డెబ్బై ఐదు శాతం లేదు. హాల్‌టికెట్ ఆగిపోతుందని, ఇంట్లో చెప్పి రమ్మని హెడ్మాస్టరు నన్ను పంపారు.

తల్లి గంగామణి నాట్లకు బయలుదేరుతోంది. విషయం చెప్పగానే దండెం మీది తెల్లచొక్కా లాగి నా ముందు పెట్టింది.

"నా బిడ్డ బడి ఎగ్గొడుతుందా సార్? మరి గీ డ్రెస్సు నేను రోజు ఎందుకు ఉతుకుతున్న? కాలర్ సూడుండ్రి, ఎట్ల అరిగిందో! పక్కింటి పిల్లతోని ఎనిమిదిన్నరకే పోతది. మీరు ఆడ ఏం సూస్తున్నరో ఏమో!"

చొక్కాను మళ్లీ దండెం మీద వేసి వచ్చేశాను.

మర్నాడు మొదటి బెల్లు కొట్టాక నా గది చూశాను. ఖాళీ. ఈసారి రిజిస్టర్ తెరవకుండా నడిచాను. రెండు గదుల అవతల ఇంగ్లిష్ సెక్షన్‌లో షబానా టీచర్ లెక్కలు చెబుతున్నారు. చివరి బెంచీలో ముగ్గురు ఆడపిల్లల పక్కన ఇరుక్కుని శిరీష కూర్చుంది.

షబానా టీచర్ ఆశ్చర్యపోయారు. "మీరే పంపిండ్రనుకున్న సార్. దసరా సంది ఈడనే కూసుంటుంది. నా రిజిస్టర్ల పేరు లేదు, గందుకే పిలవలే."

శిరీషను వరండాలోకి పిలిచాను.

"గిన్ని రోజులు ఆబ్సెంట్ వేసిన. ఒక్కసారన్న చెప్పొద్దా?"

"మీరు అడగలే సార్."

"గదిలకు ఎందుకు రావు?"

కాలి బొటనవేలు చూసుకుంది. "ఆడ ఒక్కదాన్నే సార్. మీరు కిటికీ దిక్కు సూసుకుంట పాఠం చెప్తరు. పేరు గూడ పిలుస్తలేరు. నేనొచ్చినా, రాకున్నా ఒకటే అనిపించింది."

సంగతి విని హెడ్మాస్టరు తల పట్టుకున్నారు. "రిజిస్టర్ దిద్దుడు అంత అల్కగ గాదు సార్. తప్పు మీదని రాసియ్యాలె. మెమో గూడ వస్తది."

"రాసిస్త సార్."

విలేకరిగా ఉన్నప్పుడు రెండో మనిషిని అడగకుండా ఒక్క వార్తా పంపలేదు. విచారించకుండా ఆబ్సెంట్ వేశానని ఇప్పుడు స్వయంగా రాసి సంతకం చేశాను. బడికి వచ్చిందనడానికి షబానా టీచర్ సాక్ష్యం రాశారు. దిద్దిన ప్రతి గడి పక్కనా హెడ్మాస్టరు పొట్టి సంతకం పెట్టారు. మెమో వచ్చింది. హాల్‌టికెట్టూ వచ్చింది.

పరీక్షల దాకా అదే గదిలో పాఠం చెప్పాను, సోషల్ తెలుగులో విడిగా చెప్పాలన్న నియమం మారలేదు కనుక. నా కుర్చీని మాత్రం కిటికీకి వీపు వచ్చేలా తిప్పుకున్నాను. రోజూ పిలిచాను. "శిరీష." "ప్రెజెంట్ సార్." ఖాళీ గదిలో ఆ రెండు మాటలు గట్టిగా మోగేవి. ఇద్దరం నవ్వలేదు.

ఆమె పాసైంది. ఆ పట్టీ బీరువాలోకి వెళ్లింది. ఇప్పుడు ఫోన్ పట్టుకుంటే చాలు, ముఖాలు చూసి అదే హాజరు వేసేస్తుంది. అయినా నేను పేర్లు పిలుస్తాను. ఎవరైనా పలకకపోతే, పెన్ను జేబులోనే ఉంచి, ముందు పక్క గదులు చూసి వస్తాను.