దివ్య గౌను ఎవరు తీసుకెళ్ళారు

దెయ్యాల కథలు నాకు చెప్పినవాళ్ళు తక్కువమంది కాదు. నేను నర్సుని. విజయనగరం నుంచి రామతీర్థం వెళ్ళే దారిలో ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. గాలి సోకిందని తీసుకొచ్చిన ఆడపిల్లలకి రక్తపరీక్ష చేయించి ఐరన్ మాత్రలిచ్చాను. చేతబడి చేశారని ఏడ్చిన మనిషి చేత టీబీ మందులు మింగించాను. నా కళ్ళ ముందే పోయినవాళ్ళున్నారు. ఆ గదిలోనే కాసేపటికి కూర్చుని టీ తాగాను. పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. అందుకని ఇలాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మాలా వద్దా అని ఆలోచించే తీరిక కూడా నాకు ఉండేది కాదు.

ఎవర్నో నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

పెద్ద నోట్లు రద్దయిన తర్వాత వచ్చిన వేసవి అది. హైదరాబాద్ శివార్లలో సినిమా సెట్టింగులన్నీ ఉన్న పెద్ద పార్కు ఒకటుంది కదా, అక్కడికి వెళ్దామని మా ఆయన అప్పలరాజు అన్నారు. ఆయన జూట్ మిల్లులో ఫిట్టరు. పెళ్ళయి అన్నేళ్ళైనా మేం కలిసి చేసిన ప్రయాణాలన్నీ పెళ్ళిళ్ళకో, చావులకో, మొక్కులు తీర్చడానికో, ఆస్పత్రులకో. ఏ పనీ లేకుండా ఊరికే వెళ్ళడం అదే మొదటిసారి. విజయవాడలో హాస్టల్లో చదువుతున్న మా అబ్బాయి నేరుగా అక్కడికే వస్తానన్నాడు.

నాకు సినిమాల మీద అంత మోజు లేదు. ఆ పార్కులో ఒక చెట్టు కింద కుర్చీ దొరికితే చాలనుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుంటే నన్నెవరూ ఏదీ అడగకూడదు. ఆ ఏడాది జ్వరాల సర్వేలు, టీకాల డ్యూటీలు, రోజూ ఆటోలో రానూ పోనూ. ఇంటికొచ్చేసరికి చెప్పులు విప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

విజయనగరంలో మా ఇంట్లో మేమిద్దరం కాక మా అత్త, దివ్య ఉంటారు. దివ్య మా ఆడపడుచు గౌరి కూతురు. గౌరిని సముద్రం ఒడ్డున ఉన్న మా ఆయన వాళ్ళ ఊరు భావనపాడులోనే ఇచ్చారు. దివ్య తండ్రి ఏడాదిలో ఎక్కువ కాలం గుజరాత్‌లో చేపల పడవల మీదే ఉంటాడు. గౌరికి కామెర్లు ముదిరితే మా ఇంటికి తీసుకొచ్చాం, ఇక్కడి నుంచే విశాఖ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆటో ఎక్కేముందు పిల్ల బుగ్గలు పట్టుకుని, "నువ్విక్కడే ఉండమ్మా. ఎక్కడికీ ఎల్లకు. నానొచ్చేత్తాను" అంది. మళ్ళీ రాలేదు. అప్పటికి దివ్యకి ఐదేళ్ళు. చివరి చూపుకి కూడా పిల్లని తీసుకెళ్ళలేదు. అది మా పెద్దవాళ్ళందరం కలిసి తీసుకున్న నిర్ణయం.

ఆ తర్వాత రెండేళ్ళలో దివ్య మా ఇంటి బయట ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. బడికెళ్తుంది, బడి వదిలిన వెంటనే వచ్చేస్తుంది. భావనపాడు తీసుకెళ్దామన్నా రాదు. అమ్మ చనిపోయిందని చెప్పాం. చెబితే తలూపుతుంది. కానీ ఇల్లు మాత్రం వదలదు.

పార్కు సంగతి చెప్పిన రోజున ఏడవలేదు, గోల చేయలేదు. "మీరెల్లండి. నాను రాను. అమ్మొచ్చేసరికి ఇల్లు తాళమేసుంటాది" అంది.

టికెట్లు అప్పటికే తీసేశాం. మా ఆయనకి కోపమొచ్చింది. "ఎత్తుకుని రైలెక్కించేద్దుం. బండి కదిలాక అదే ఊరుకుంటాది" అన్నారు. అత్త ఒప్పుకోలేదు. "ఒలమ్మ, ఆ గుంటని ఏడిపించి మనమేటి సుకపడిపోతామురా? మానేద్దుం" అంది. ఇద్దరూ చెరో వైపు నుంచి నాతో వాదించారు. నేను జంతికలు వేయిస్తూ విన్నాను. ఎవరు గెలిచినా నాకు ఒకటే అనిపించేంత అలసటగా ఉంది. అయినా లోపల ఎక్కడో, ఈ పిల్ల జీవితమంతా ఇలా గుమ్మం పట్టుకుని ఉండిపోతుందేమోనని భయంగానే ఉండేది.

కొత్త బట్టలు చూస్తే మనసు మారుతుందేమోనని నీలం గుడ్డ కొని, మా ఊళ్ళో మూడు లాంతర్ల సెంటరు దగ్గర టైలరుకి గౌను కుట్టమని ఇచ్చాను. పిల్ల రానని మొండికేసింది కాబట్టి కొలతలకి తీసుకెళ్ళలేదు, పాత గౌను ఒకటి ఇచ్చాను. ఆ టైలరు ఆ వీధిలో కొట్టు పెట్టి ఏడాది కూడా కాలేదు. గౌరి పోయింది అంతకు ముందు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

బయల్దేరే ముందు రోజు నాకు డ్యూటీ ఉంది. ఒంటిపూట బళ్ళు కాబట్టి దివ్య మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తుంది. మా ఆయన మిల్లులో. అత్తకి మోకాళ్ళు పనిచేయవు. పొద్దున కాఫీ తాగి వరండాలో మంచం మీద కూర్చుంటే మళ్ళీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపాలి. ఆ రోజు చింతపండు గింజలు తీస్తూ అక్కడే ఉంది.

డ్యూటీ దిగి ఎండలో టైలరు దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి ఆయన తాపీగా, "మీ ఆడపడుచుగారు పొద్దున్నే పట్టుకెళ్ళిపోయారు కదండి సిస్టరమ్మా" అన్నాడు.

నాకు ఆడపడుచు లేదన్నాను. ఉన్న ఒక్కతీ పోయిందని చెప్పలేదు. ఎవరికో ఇచ్చేసి ఇప్పుడు బుకాయిస్తున్నాడనుకున్నాను. గట్టిగానే మాట్లాడాను. ఆయన నొచ్చుకున్నాడు.

"మీ పేరు సెప్పిందండి. దివ్య గౌను అంది. తీసి సూపిత్తే, పొట్టయిపోనాది, పిల్ల ఎదిగిపోనాది కదా అంది. నాను సరిసేసిత్తానంటే ఒద్దంది. నా కత్తెరే తీసుకుని, ఇక్కడే నిలబడి మిషను కుట్టు ఇప్పేసినాది."

ఎలా ఉంది మనిషి అని అడిగాను.

"సన్నంగా పొడుగ్గా ఉన్నాదండి. సముద్రం వైపు మనిషిలాగ మాటాడింది. ఎడం సేతివాటం. నా కత్తెర ఎడం సేతికి లొంగదండి. అయినా సులువుగా ఇప్పేసింది, అందుకే గుర్తు."

గౌరిది ఎడమ చేతివాటం. చిన్నప్పుడు అన్నం దగ్గర మాన్పించారు గానీ కత్తికీ సూదికీ ఎప్పుడూ ఎడమ చెయ్యే.

ఆ మాట విన్నప్పుడు ఒళ్ళు జలదరించిందని రాస్తే బాగుంటుంది. కానీ అలాంటిదేమీ లేదు. నాకు చిరాకే వేసింది. ఎడమ చేతివాటం వాళ్ళు ఊళ్ళో ఎంతమంది లేరు? మెడ మీద చెమట కారుతోంది, కాళ్ళు లాగుతున్నాయి. గౌను పోయింది, దారిలో రెడీమేడ్ ఏదైనా కొనాలి అనుకుంటూ, ఏ కొట్లోకీ వెళ్ళే ఓపిక లేక ఇంటికొచ్చేశాను.

దివ్య లోపల నిద్రపోతోంది. అత్త వరండాలోనే ఉంది. మోకాళ్ళ మాత్రలు సర్దుదామని పెద్ద బ్యాగు జిప్పు తీశాను. ఆ బ్యాగు ముందు రోజు సాయంత్రం నేనే సర్దాను. పైన నా చీరలు రెండు, కింద మా ఆయన చొక్కాలు. చీరలు ఎత్తితే నీలం గౌను మడతపెట్టి ఉంది.

అప్పుడు మాత్రం నేల మీద కూర్చుండిపోయాను.

చాలాసేపటికి గౌను తిరగేసి చూశాను. మిషను కుట్టు విప్పిన చోట సూది గుచ్చిన చుక్కలు వరసగా కనబడుతున్నాయి. మడత కిందికి దించి, అంచు చేత్తో కుట్టి ఉంది. నేను గాయాలకి కుట్లు వేయడం చూసిన మనిషిని, డాక్టరు లేనప్పుడు వేసిన మనిషిని కూడా. కుడిచేత్తో వేసిన కుట్టు ఎటు వాలుతుందో నాకు తెలుసు. ఇది అంతా రెండో వైపుకి వాలి ఉంది. పని శుభ్రంగా ఉంది, తొందరలో చేసినట్టు లేదు.

బయటికొచ్చి అత్తని అడిగాను, పొద్దున్నుంచి ఇంటికి ఎవరొచ్చారని.

"ఎవులొత్తారే? ఎవులూ రాలేదు. నానీ మంచం మీంచి కదిల్తేనా" అంది.

అత్తకి రెండు కళ్ళలోనూ పొరలు. సూదిలో దారం ఎక్కించి ఎన్నేళ్ళో అయింది. పైగా ఆవిడది కుడిచెయ్యి. పెరటి తలుపు లోపలి నుంచి గడియ పెట్టి, దానికి అడ్డంగా బియ్యం డబ్బా ఉంది. మిల్లుకి ఫోన్ చేసి మా ఆయన్ని అడిగితే, "మూడు లాంతర్ల కాడికి నానేల ఎల్తాను? పనిలో ఉన్నాను, పెట్టేయ్" అన్నారు. పక్కింటివాళ్ళు పెళ్ళికని ఊరెళ్ళి మూడోరోజు. నాకు తోచినవన్నీ అడిగాను. ఆ తర్వాత ఇంక ఎవర్ని అడగాలో తెలియలేదు.

దివ్య లేచి వచ్చింది. గౌను నా ఒళ్ళో ఉంది. నేను పిల్లకి ఒక్క మాట చెప్పలేదు. ఇది మాత్రం ఒట్టేసి చెప్పగలను. పిల్ల గౌను అంచు తిరగేసింది, కుట్టు మీద వేలితో రాసింది.

"అమ్మ కుట్టినాది" అంది.

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవులూ సెప్పలేదు." మళ్ళీ కుట్టు వైపు చూసి, "అయితే మనం ఊరెల్తన్నామని అమ్మకి తెలుసు. తెలిస్తే ఎతుక్కోదు కదత్తా?" అంది.

ఎతుక్కోదన్నాను. ఇంకేమనాలి? పిల్ల లోపలికెళ్ళి తన చెప్పులు తెచ్చి బ్యాగులో పెట్టింది. తర్వాత రబ్బరు బ్యాండ్లు తెచ్చింది. తర్వాత రైల్లో కిటికీ పక్క సీటు తనకేనా అని అడిగింది. రెండేళ్ళలో ఆ పిల్ల ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

మా ఆయన వచ్చేసరికి జడ వేయించుకుంటోంది. ఆయన ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే ఆ సాయంత్రమంతా దానికే సరిపోయేది. ఇంకా పులిహోర కలపాలి, సీసాల్లో నీళ్ళు నింపాలి.

మర్నాడు రైలెక్కాం. పార్కులో దివ్య ఆ గౌనే వేసుకుంది. మోకాళ్ళ కిందికి, సరిగ్గా ఎంత ఉండాలో అంత ఉంది. పాత గౌను కొలతకే వదిలేసి ఉంటే పొట్టిగానే ఉండేది.

ఆ పార్కులో ఉత్తుత్తి రైల్వే స్టేషనొకటి ఉంది. కోటలున్నాయి, వెనక్కి వెళ్ళి చూస్తే కర్రలూ ప్లైవుడ్డూ. అత్త నా చెయ్యి పట్టుకుని నడుస్తూ ప్రతిదాన్నీ తట్టి చూసి, "ఇదీ అట్టముక్కేనేటే?" అని నవ్వింది. మా ఆయన, అబ్బాయి కలిసి దివ్యని గిరగిరా తిరిగే గుర్రాల దగ్గరికి తీసుకెళ్ళారు. నేనూ అత్తా నీడలో కుర్చీల్లో కూర్చున్నాం. నేను కోరుకున్న కుర్చీ దొరికింది. కళ్ళు మూసుకున్నాను.

"అంత మొండికేసిన గుంట, ఏలగొప్పుకున్నాదే?" అని అడిగింది అత్త.

ఏ కట్టుకథ చెప్పడానికీ ఓపిక లేదు. టైలరు చెప్పింది, బ్యాగు, కుట్టు వాలు, పిల్ల అన్న మాట, అన్నీ చెప్పేశాను. అత్త భయపడుతుందనుకున్నాను, లేదా దండం పెట్టుకుంటుందనుకున్నాను. ఆవిడ రెండూ చేయలేదు.

"పొద్దున్నుంచీ నానా వరండాలోనే ఉన్నాను కదే" అంది. "లోనికెల్లాలంటే నన్ను దాటుకునే ఎల్లాలి."

అవునన్నాను.

"మరి నన్నొక్క మాట పలకరించలేదేటే? కన్నతల్లిని కదే."

చావు వార్త చెప్పాల్సిన చోట ఏం మాట్లాడాలో మాకు నేర్పుతారు. ఎంతోమంది తల్లులకి అవే మాటలు చెప్పాను. ఆ రోజు ఒక్కటీ నోటికి రాలేదు. అత్త చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా దివ్య గుర్రం మీద నుంచి చెయ్యూపుతుంటే, అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని తనూ ఊపింది.

తిరిగొచ్చాక టైలరు దగ్గరికి వెళ్ళి, ముందు గట్టిగా మాట్లాడినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి, నెమ్మదిగా మళ్ళీ అడిగాను. అదే చెప్పాడు. ఒక్క ముక్క మార్చలేదు. నా ఫోన్లో గౌరి పెళ్ళినాటి ఫోటో ఉంది. చూపిద్దామని తీశాను. చూపించకుండానే లోపల పెట్టేశాను. ఎందుకో ఇప్పటికీ నాకే తెలియదు. ఆయన అవునన్నా కాదన్నా ఆ తర్వాత ఏం చేయాలో నాకు తోచలేదు.

దివ్య ఇప్పుడు సెలవులకి భావనపాడు వెళ్తుంది, వాళ్ళ నాన్న వచ్చినప్పుడు అక్కడే నాలుగు రోజులుంటుంది. గుజరాత్ కూడా చూస్తానంటుంది. ఆ కుట్టు ఎవరు వేశారో మాత్రం నేను చెప్పలేను. నాకు తెలిసిన ఏ లెక్కలోకీ అది రాదు.

అత్తకి మాత్రం ఆ వేసవి నుంచి ఒక అలవాటొచ్చింది. అంతకు ముందు ఎవరైనా వచ్చి పలకరిస్తేనే మాట్లాడేది. ఇప్పుడు మెట్ల మీద ఏ అలికిడి అయినా, పాలవాడైనా, పిల్లయినా, గాలికి గేటు కదిలినా, ముందు తనే తలెత్తి పిలుస్తుంది.

"ఎవులే? రా, లోనికి రా."